చిలుకను పెంచినదెవరు?

ధర్మవరంలో పాకాల రైలెక్కితే దారిలో కదిరి వస్తుంది. ఆ ఊరి దేవుడి పేరు పెట్టుకున్న పాలవేకరి కదిరీపతి అనే కవి పదిహేడో శతాబ్దంలో "శుకసప్తతి" అనే కథాకావ్యం రాశాడు. మన సీమ కవులు రాసిన కావ్యాల్లో ఇంతగా నవ్వించేది మరొకటి ఉందని నేననుకోను. మన సీమలో ఇంత తక్కువమంది చదివినదీ మరొకటి ఉందనుకోను. ఎందుకు చదవలేదు? ఈ ప్రశ్నకు జవాబు ఛాందసుల దగ్గర కొంత దొరుకుతుంది. మిగతా జవాబు మన దగ్గరే, అంటే అభ్యుదయవాదులమని చెప్పుకునేవాళ్ళ దగ్గరే ఉంది. ఈ వ్యాసం ఆ రెండో భాగం గురించి.

పోయిన ఏడాది ఒక సాహిత్య సభలో ఈ కావ్యం మీద ప్రసంగిస్తానని రాశాను. సభ నడిపేవాళ్ళు పరాయివాళ్ళు కారు, మనవాళ్ళే. "తప్పకుండా మాట్లాడండి. కాకపోతే 'శుకసప్తతిలో సాంఘిక జీవితం' అని పేరు పెట్టండి. పంటలు, నగలు, వంటలు, కులవృత్తులు, వీటి గురించి చెప్పండి. మిగతాది వద్దు. పిల్లలు కూడా వస్తారు" అని జవాబొచ్చింది. ఆ పిల్లలు ఇరవై ఏళ్ళవాళ్ళు. వాళ్ళలో పెళ్ళయినవాళ్ళు కూడా ఉన్నారు. ఇక "మిగతాది" అంటే ఏమిటి? భర్త ఊళ్ళో లేనప్పుడు పరాయివాడి దగ్గరికి వెళ్ళాలనుకున్న ఒక ఇల్లాలి కథ. అంటే కావ్యమంతా. కావ్యాన్ని తీసేసి కావ్యం గురించి మాట్లాడమన్నారన్నమాట!

మా ఊరి వీధుల్లో ఒక కేక తరచు వినబడుతుంది: పాత పట్టుచీరలు కొంటామని. కొన్నవాళ్ళు ఆ చీర కట్టుకోరు, ఎవరికీ కట్టబెట్టరు. జరీలో ఉన్న వెండి కోసం కొంటారు. వెండి తీసుకున్నాక పట్టు ఏమైతే వాళ్ళకేం? మన పండితులు శుకసప్తతిని కొన్నది ఈ బేరానికే. అందులోని నగల జాబితా, పంటల జాబితా తీసుకున్నారు. నేసిన బట్టను పారేశారు.

ఇందుకు వాళ్ళు చెప్పే కారణాలు మూడు. ఒకటి, ఇది అశ్లీలం. రెండు, ఇది క్షీణయుగపు భూస్వామ్య సాహిత్యం. మూడు, ఇది స్త్రీలను అవమానిస్తుంది. ఈ మూడింటికీ ఒకే బరువు లేదు. మొదటిది తేలిక, రెండోది పొరపాటు. మూడోదాన్ని మాత్రం తేలిగ్గా కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. ముందు కథేమిటో చూద్దాం.

కథాచట్రం సంస్కృతం నుంచి వచ్చింది. ఒక వర్తకుడు దూరదేశం వెళ్తాడు. భార్య ప్రభావతి ఇంట్లో ఉంటుంది. ఒంటరిదైపోయిన ఆమెకు చెలికత్తెలు మరో మగవాడి గురించి చెప్పి ఉసిగొల్పుతారు. ఆమె ముస్తాబై బయలుదేరుతుంది. ఇంట్లో రెండు పక్షులున్నాయి, గోరువంక ఒకటి, చిలుక ఒకటి. గోరువంక నీతులు చెప్పి తిట్టింది. ప్రభావతి దాని మెడ పిసకబోతే ఎగిరిపోయింది. చిలుక తిట్టలేదు. "వెళ్ళు తల్లీ, తప్పకుండా వెళ్ళు. కానీ చిక్కులో పడితే ఫలానా ఆమెలాగా తప్పించుకునే తెలివి నీకుందా?" అని మాత్రం అడిగింది. ఫలానా ఆమె ఎవరని ప్రభావతి అడుగుతుంది. చిలుక కథ మొదలుపెడుతుంది. పరాయివాడితో ఉండగా భర్త తలుపు తట్టిన ఒక ఇల్లాలి కథ అది. సరిగ్గా ఆమె చిక్కులో పడ్డచోట ఆపి, ఇప్పుడేం చేస్తుందో చెప్పమంటుంది చిలుక. ప్రభావతి ఆలోచిస్తూ కూర్చుంటుంది. తెల్లవారుతుంది. మర్నాటి రాత్రి మళ్ళీ ముస్తాబు, మళ్ళీ కథ. డెబ్బై రాత్రులు గడిచేసరికి భర్త తిరిగొస్తాడు.

ఈ చట్రం దేశాలు తిరిగింది. పద్నాలుగో శతాబ్దంలో నఖ్‌షబీ పారశీకంలో "తూతీనామా" రాశాడు. అక్బరు తన చిత్రకారుల చేత దానికి బొమ్మలు వేయించుకున్నాడు. తెలుగులోనే పద్దెనిమిదో శతాబ్దంలో అయ్యలరాజు నారాయణామాత్యుడు చిలుకకు బదులు హంసను పెట్టి "హంసవింశతి" రాశాడు. అక్కడ ఇల్లాలు హేమావతి, ఆమెను కోరినవాడు రాజు, రాత్రులు ఇరవై. ఇన్ని భాషల జనం ఇన్ని వందల ఏళ్ళు ఒకే కథకు నవ్వారంటే, ఆ నవ్వులో జనానికి తెలిసిన నిజం ఏదో ఉండాలి. ఆ నిజమేమిటో కనుక్కోవడం విమర్శకుడి పని. దాన్ని కప్పిపెట్టడం పోలీసుల పని.

పోలీసుల మాట ఊరికే అనలేదు. మొదటి ఆక్షేపణ చరిత్ర వాళ్ళతో ముడిపడి ఉంది. తంజావూరులో ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని "రాధికాసాంత్వనము" రాసింది. 1887లో అది అచ్చయినప్పుడు, ఆమె తన గురించీ తన వంశపు స్త్రీల గురించీ చెప్పుకున్న భాగం, మరికొన్ని పద్యాలు అందులో లేవు. బెంగుళూరు నాగరత్నమ్మ శ్రమపడి పూర్తి ప్రతి సంపాదించి, 1910లో వావిళ్ళవారి చేత అచ్చు వేయించింది. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని పట్టుకుంది. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా ఉండి 1947లో నిషేధం ఎత్తేసేదాకా, దాదాపు మూడున్నర దశాబ్దాలు, ఒక తెలుగు కావ్యం దొంగసరుకులాగా బతికింది. సామ్రాజ్యవాదానికి ప్రమాదకరంగా తోచిన తెలుగు పుస్తకాల్లో శృంగార కావ్యం కూడా ఉండడం మనవాళ్ళను కొంచెమైనా ఆలోచింపజేయాలి.

అంతకుముందే వీరేశలింగం పంతులుగారు "ఆంధ్ర కవుల చరిత్రము"లో ముద్దుపళనిని కఠినంగా నిందించారు. సిగ్గనేది ఆడవాళ్ళకే గానీ మగవాళ్ళకు అక్కర్లేదా, ఇంతకన్నా పచ్చిగా రాసిన మగకవుల్ని పంతులుగారు ఎందుకు ఊరుకున్నారని నాగరత్నమ్మ తన పీఠికలో నిలదీసింది. పంతులుగారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించిన ధైర్యం ఎవరూ కాదనలేనిది. కానీ ఆ ధైర్యానికి ఒక హద్దుంది. భర్త లేని స్త్రీకి భర్తను సంపాదించిపెట్టగలిగిన ఆయన, భర్తతో నిమిత్తం లేకుండా కోరిక గలిగిన స్త్రీని సహించలేకపోయారు. మన సభల్లో "మిగతాది వద్దు" అనే గొంతు 1911 నాటి గొంతే. తెల్లదొరల నీతిశాస్త్రాన్ని మనం మన సంస్కృతి అనుకుంటున్నాం.

ఇక్కడ మన సంఘం చరిత్రే ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభకు అధ్యక్షుడు తాపీ ధర్మారావుగారు. దేవాలయాల మీద బూతుబొమ్మలెందుకని పుస్తకం రాసింది ఆయనే. స్త్రీల శీలానికి తాళాలు వేసిన మగవాళ్ళ గురించి "ఇనుపకచ్చడాలు" రాసింది కూడా ఆయనే. ఆయనకు ఆ విషయాలు రోతగా తోచలేదు. ఆ తాళం ఎవరు చేశారు, తాళపుచెవి ఎవరి మొలలో ఉంది అని అడగడం ఆయనకు సామాజిక శాస్త్రం. ఆయన వారసులమైన మనకు పంటల జాబితా దాకా వచ్చేసరికే చెమటలు పడుతున్నాయి.

రెండో ఆక్షేపణ, క్షీణయుగం. నాయకరాజుల కాలం నుంచి పందొమ్మిదో శతాబ్దం దాకా వచ్చిన సాహిత్యంలో చాలాభాగానికి మన సాహిత్య చరిత్రలు ఈ పేరు పెట్టాయి. మనవాళ్ళు దానికి "భూస్వామ్య" అనే విశేషణం తగిలించి తృప్తిపడ్డారు. విశేషణం తగిలిస్తే విశ్లేషణ అయిపోదు. రాజుగారి ప్రబంధంలో నాయిక ఎవరు? గంధర్వకన్యో రాజకుమారో. ఆమెకు ఇల్లూడ్చే పని లేదు, అత్తగారు లేదు, ఇరుగుపొరుగు లేదు. కదిరీపతి కథల్లోకి వస్తే కాపుల ఇళ్ళు, వర్తకుల ఇళ్ళు, పొలాలు, పశువులు, ధాన్యం, ఊరి వీధిలో మాటలు ఉంటాయి. పాత్రలు దేవలోకం నుంచి ఊళ్ళోకి దిగొచ్చాయి. నవల అనే ప్రక్రియ తెలుగులో పుట్టక రెండు వందల ఏళ్ళ ముందు, నవల చేయాల్సిన పని ఈ కథాకావ్యాలు కొంత చేశాయి. ఇది క్షీణతా?

సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ సంగతి గ్రహించారు. 1949లో వచ్చిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో ఆయన శుకసప్తతినీ హంసవింశతినీ ఆధారాలుగా వాడుకున్నారు. రాజుల యుద్ధాలు వదిలి జనం తిండీ బట్టా ఆటలూ వెతికిన మహాగ్రంథం అది. చరిత్రకారుడిగా తనకు కావలసింది ఆయన తీసుకున్నారు. అది ఆయన హక్కు. కానీ ఆయన తర్వాత వచ్చినవాళ్ళు ఆయన వేసిన దారిని కంచెగా మార్చారు. హంసవింశతిలో పిల్లల ఆటల పేర్లెన్నో లెక్కపెట్టినవాళ్ళు, ఆ ఆటల జాబితా ఎవరి కథ మధ్యలో వచ్చిందో చెప్పరు. సాంఘిక జీవితమంటే పొయ్యి మీద ఏం ఉడికిందో చెప్పడమేనా? ఆ పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి మనసులో ఏం ఉడుకుతోందో అది సాంఘికం కాదా?

మూడో ఆక్షేపణకు వస్తాను. ఇది చేసినవాళ్ళలో నేను గౌరవించే స్త్రీవాద మిత్రులున్నారు. ఆడది మాయలాడి, ఎంత కాపలా పెట్టినా మోసం చేస్తుంది, ఈ కథలన్నిటి సారం ఇదేనని వాళ్ళంటారు. నిజమే, ఈ కథల్లో ఆ మాట ఉంది. స్త్రీ తెలివిని కవి మెచ్చుకునేది అబద్ధం చెప్పే చోటనే. లెక్కలు వేసేచోట, తీర్పు చెప్పేచోట ఆమె తెలివి కనిపించదు. మగశ్రోతల కోసం మగకవి రాసినదని ప్రతి పేజీ చెబుతుంది. దాన్ని దాచడం అనవసరం.

కానీ ఒక ప్రశ్న వేసుకుందాం. ఈ కథల్లో ఆడవాళ్ళ తెలివి అబద్ధంలోకే ఎందుకు పోయింది? నిజం చెప్పే హక్కు ఆమెకు లేదు గనక. "నాకు ఇతను నచ్చలేదు, అతను నచ్చాడు" అని చెప్పి బతికి బయటపడగల వీధి ఆ ఊళ్ళో లేదు గనక. తలుపు ఒకటే ఉన్న ఇంట్లో మనిషి కిటికీ లోంచి దూకితే, దూకడం ఆ మనిషి స్వభావమని రాసినవాడు కవి కావచ్చు. ఇంటికి రెండో తలుపెందుకు లేదని అడగాల్సినవాడు విమర్శకుడు. ఈ కథల్లో దెబ్బతినేది ఎవరో కూడా చూడాలి. భార్య తన పెట్టెలోని నగలాంటిదని ధీమాగా ఉన్న మొగుడు ప్రతి కథలోనూ వెర్రివాడవుతాడు. పాతివ్రత్యం ఆడదాని రక్తంలోనే ఉందని పురాణం చెబితే, లేదు మహాశయా, అది మీ తాళంలో ఉంది, ఆ తాళం కూడా పనిచెయ్యడం లేదు అని ఈ కథలు చెబుతాయి. పతివ్రత అనే భావానికి ఇంతకన్నా పెద్ద దెబ్బ మన పాత సాహిత్యంలో ఎక్కడుంది?

ఏకపత్నీవ్రతం అనేదానిలో నిష్ఠ స్త్రీకి మాత్రమే విధించబడిందనీ, ఆస్తి తన కొడుక్కే చేరాలన్న మగవాడి అవసరం దాని వెనక ఉందనీ ఎంగెల్స్ 1884లో రాశాడు. మన విద్యార్థులు ఆ పుస్తకం పేరు చెప్పగలరు. ఆ సూత్రాన్ని నవ్వుతూ నిరూపించే తెలుగు కావ్యం పేరు మాత్రం చెప్పలేరు. చట్రంలో భర్త వర్తకుడు కావడం యాదృచ్ఛికం కాదు. సరుకుతో వెళ్ళినవాడు, వెనక వదిలిన సరుకుకు కాపలా పెట్టుకున్నాడు.

ఇదంతా పాతకథ, ఇప్పుడెందుకు అంటారా? అయితే కావ్యం పక్కన పెట్టి చట్టం తెరుద్దాం. 1860లో తయారైన భారత శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ ఒకటి ఉండేది. పరాయివాడి భార్యతో, ఆ భర్త అంగీకారం లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడికి అయిదేళ్ళ దాకా జైలు. భర్త ఒప్పుకుంటే నేరమే లేదు. ఆ భార్య ఒప్పుకుందా లేదా అనేది ప్రశ్నే కాదు. భర్త పరాయి స్త్రీ దగ్గరికి వెళ్తే భార్యకు ఫిర్యాదు చేసే హక్కు లేదు. అంటే నేరం భర్త సొత్తు మీద జరిగింది, ఆమె మీద కాదు. ఇంతవరకు చాలామందికి తెలుసు.

తెలియనిది ఇంకొకటుంది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 198వ సెక్షన్ రెండో క్లాజు, ఈ నేరంలో ఫిర్యాదు చేసే హక్కు భర్తకే ఇచ్చింది. మరి భర్త ఊళ్ళో లేకపోతే? దానికీ ఏర్పాటుంది. భర్త లేనప్పుడు అతని తరఫున ఆ స్త్రీని కనిపెట్టుకుని ఉన్న వ్యక్తి, కోర్టు అనుమతితో, అతని తరఫున ఫిర్యాదు చేయవచ్చు. ఈ వాక్యం మరోసారి చదవండి. ఎవరు ఆ వ్యక్తి? మన చిలుకే! కదిరీపతి పద్యాల్లో పంజరంలో కూర్చున్న పక్షికి స్వతంత్ర భారతదేశం తన చట్టంలో పీట వేసి కూర్చోబెట్టింది. నవ్వుకోసం రాశారనుకున్నది మనం న్యాయమని పాటించాం.

2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ 497వ సెక్షన్‌నూ, దానికి సంబంధించినంత మేరకు ఈ 198వ సెక్షన్ క్లాజునూ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. భార్య భర్త సొత్తు కాదని చెప్పడానికి దేశానికి నూట యాభై ఎనిమిదేళ్ళు పట్టింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ నేరం లేదు. అయితే చిలుక చచ్చిపోలేదు. పెళ్ళయిన స్త్రీని దురుద్దేశంతో మరులుకొలిపి తీసుకుపోవడం అనే పాత నేరం, 84వ సెక్షన్‌గా కొత్త సంహితలో కూర్చునే ఉంది. తీసుకుపోబడేది వస్తువు. తనంతట తాను నడిచివెళ్ళే మనిషి ఆ వాక్యంలో లేదు.

ఇప్పుడు కొత్తగా బయలుదేరిన అభిమానుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ కావ్యాలు తెలుగు స్త్రీల స్వేచ్ఛా గీతాలనీ, నాయకరాజుల కాలంలో ఆడవాళ్ళు హాయిగా ప్రేమించుకున్నారనీ, తెల్లవాళ్ళు వచ్చి చెడగొట్టారనీ వీళ్ళంటారు. ఇది ఛాందసుల అబద్ధాన్ని తలకిందులు చేసి పెట్టిన ఇంకో అబద్ధం. డెబ్బై కథలు విన్న ప్రభావతి ఎక్కడుంది? ఇంట్లోనే! ఒక్క రాత్రయినా గడప దాటలేదు. కథల్లోని ఆడవాళ్ళు తలుపులు తీసుకుని వెళ్తారు. వాళ్ళ కథలు వింటున్న ఆడది తలుపు లోపలే ఉంటుంది. తిట్టిన గోరువంక సాధించలేనిది నవ్వించిన చిలుక సాధించింది. యజమాని తిండి తింటున్న పక్షి, యజమానికి వ్యతిరేకమైన కథలు చెప్పి యజమాని ఆస్తిని కాపాడింది. ఇంత నేర్పయిన కాపలాదారు జైళ్ళలో కూడా దొరకడు.

మన ఇళ్ళలో రాత్రిపూట టీవీ సీరియళ్ళు చూడండి. అందులో ఎన్ని ఇళ్ళ గుట్లు, ఎన్ని దొంగ ప్రేమలు, ఎంతమంది గడుసు కోడళ్ళు! సరిగ్గా చిక్కులో పడ్డచోట ఆపి, రేపు చూడమంటారు. రేపు మళ్ళీ అంతే. చూస్తున్నామె గడప దాటదు. కళ జనాన్ని నవ్వించినంత మాత్రాన విముక్తం చేయదు. ఎవరి పంజరంలో కూర్చుని నవ్విస్తోందో చూడాలి. శుకసప్తతి గొప్పతనం ఏమిటంటే, ఆ పంజరాన్ని దాచకుండా కథలోనే పెట్టింది. సీరియల్ దాన్ని దాస్తుంది.

ముగింపుల గురించి కూడా ఆలోచించండి. సంస్కృత కథలో భర్త తిరిగొచ్చాక చిలుక జరిగింది చెప్పి, ఆమె గడప దాటలేదు గనక క్షమించమంటుంది. అతను క్షమిస్తాడు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల వాళ్ళు ఉర్దూలో తయారుచేయించిన "తోతా కహానీ"లో భర్త ఆమెను చంపుతాడు. కథ ఒకటే, పక్షి ఒకటే. ఒకచోట క్షమాభిక్ష, ఒకచోట మరణశిక్ష. రెండుచోట్లా న్యాయమూర్తి భర్తే. యూరపు నవల కూడా ఈ స్త్రీకి ఇచ్చింది చావే. ఎమ్మా బొవారీ విషం తిన్నది, అన్నా కరెనినా రైలు కింద పడింది. చలం 1927లో "మైదానం"లో రాజేశ్వరిని గడప దాటించాడు, కానీ ఆ నడకలో నవ్వు లేదు. గడప దాటి, బతికి, నవ్వగలిగిన ఇల్లాలు మన సాహిత్యంలోకి రావాల్సే ఉంది. "కన్యాశుల్కం"లో మధురవాణి నవ్వితే మనం చప్పట్లు కొట్టాం, ఆమె ఎవరి భార్యా కాదు గనక. భార్య నవ్వితే మనకు భయం.

పోయిన ఏడాది ఆ సభకు నేను వెళ్ళలేదు. చెప్పదలచుకున్నది మా తరగతిలో చెప్పాను. మా విద్యార్థినుల్లో చాలామంది మగ్గాల ఇళ్ళ నుంచి వస్తారు. తెల్లవారకముందే లేచి కండెలు చుట్టి కాలేజీకి వచ్చేవాళ్ళున్నారు. చీరకు ఇచ్చే కూలి మగ్గం మీద కూర్చున్నవాడి పేరున పడుతుంది. కండెలు చుట్టిన చేతికి లెక్కలో గడి లేదు. కదిరి, రాయచోటి వైపు నుంచి వచ్చేవాళ్ళలో తల్లులు కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళినవాళ్ళున్నారు. కథ తిరగబడింది చూడండి. ఇప్పుడు దూరదేశం వెళ్ళి సంపాదించేది భార్య, ఇంట్లో ఉన్నది భర్త. అయినా భర్త మీద ఏ చిలుకా కాపలా లేదు. ఆమె పంపిన డబ్బు గురించి కన్నా ఆమె అక్కడ ఎలా ఉంటోందన్న గుసగుసే ఊళ్ళో ఎక్కువ. ప్రతి గుసగుసా ఒక చిలుక పలుకే.

కథ చెప్పడం అయ్యాక తరగతి నవ్వింది. నవ్వు ఆగాక వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, అన్ని కథలు తెలిసిన చిలుక, ఆమెను ఒక్కసారైనా నీకేం కావాలమ్మా అని అడిగిందా?"

తరగతిలో ఎవరూ మాట్లాడలేదు. నేను ఎమ్మేలో చదివిన విమర్శ గ్రంథాల్లో ఈ ప్రశ్న నాకు కనబడలేదు. గోరువంక అడగలేదు, చిలుక అడగలేదు, భర్త అడగలేదు, ఉసిగొల్పిన చెలికత్తెలు అడగలేదు. నిషేధించిన ప్రభుత్వం, నిందించిన సంస్కర్తలు, జాబితాలు రాసుకున్న పండితులు, మురిసిపోయిన అభిమానులు కూడా అడగలేదు. మనమూ అడగలేదు. ఆ అమ్మాయి అడిగింది. "మిగతాది వద్దు" అని నేను ఒప్పుకుని ఉంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు.

అందుకని ఉపాధ్యాయ మిత్రులకు నా విజ్ఞప్తి ఒకటే. ఈ కావ్యాలు చెప్పండి, పూర్తిగా చెప్పండి. నగల పేర్లూ పంటల పేర్లూ చెప్పండి, అవి ఎవరి ఇంట్లోవో, ఆ ఇంటి తాళం ఎవరి దగ్గరుందో కూడా చెప్పండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. నవ్వు ఆగిన తర్వాత చిలుకను పెంచినదెవరో అడగండి. పిల్లలు చెడిపోతారని భయపడకండి. చెడిపోయేది ఏదైనా ఉంటే అది పంజరమే.